ఊరుమ్మడి ప్రశ్నలు – జవాబులు: కమ్యూనిటీ హాలు తాళం ఎవరి దగ్గరుండాలి?

పంచాయతీ ఆస్తుల రిజిస్టరు గురించి పోయిన నెల ఇక్కడే రెండు ముక్కలు రాశాను. చెరువులు, శ్మశానాల ఆక్రమణల మీద అడుగుతారనుకున్నాను. తీరా చూస్తే వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా కమ్యూనిటీ హాళ్ల గొడవలే. అందుకని ఈసారి శీర్షికంతా వాటికే ఇచ్చేశాను. నేను పంచాయతీ కార్యదర్శిగా చేసి రిటైరైనవాణ్ణి. ఇంజనీరును కాను, వకీలునూ కాను. పనిచేసినవన్నీ గోదావరి డెల్టా ఊళ్లే కాబట్టి నా జవాబుల్లో ఉప్పుగాలి, తుఫాను కాస్త ఎక్కువగా తగులుతాయి. మెట్ట ప్రాంతాలవాళ్లు, తెలంగాణ పాఠకులు తమ ఊరికి తగ్గట్టు సరిచూసుకోండి. పేర్లు వద్దన్నారు కాబట్టి ఊళ్ల పేర్లు కూడా తీసేశాను. ఉత్తరాలు కుదించాను.

ప్రశ్న: మా ఊరి హాలు ఎంపీ నిధులతో కట్టింది. తాళంచెవి ఒక మాజీ వార్డు సభ్యుడి ఇంట్లో ఉంటుంది. ఆయన ఊళ్లో లేకపోతే హాలు లేనట్టే. అద్దె ఎంత వసూలవుతోందో, ఎటు పోతోందో ఎవరికీ తెలీదు. అడిగితే ‘నేను తిరిగి తిరిగి తెచ్చిన హాలు’ అంటాడు. ఏం చేయాలి? – పాఠకుడు, పశ్చిమ గోదావరి జిల్లా

ఆయన నిజంగానే తిరిగి ఉంటాడు. ఆ మాట కొట్టిపారేయకండి. చెప్పులరిగేలా తిరిగేవాడు లేకపోతే చాలా ఊళ్లకు హాలే లేదు. కానీ డబ్బు ఆయనది కాదు. ఎంపీ నిధుల పథకం 1993 డిసెంబరులో మొదలైంది. ఇప్పుడు ఒక్కో ఎంపీకి ఏడాదికి 5 కోట్లు. ఆ డబ్బుతో కట్టింది ఏదైనా ప్రజలందరూ వాడుకునేదిగా ఉండాలన్నది ఆ పథకం నియమం. ఇక కట్టేశాక దాని ఆలనాపాలనా ఎవరిదంటారా? 73వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 11వ షెడ్యూల్లో పంచాయతీలకు అప్పగించదగ్గ అంశాలు 29 ఉన్నాయి. వాటిలో ఆఖరిది, 29వది, ‘సామాజిక ఆస్తుల నిర్వహణ’. లిస్టు చివర పడేసినందుకో ఏమో, మన పంచాయతీలు దాన్ని మర్చిపోయాయి.

ముందు చేయాల్సింది తాళం లాక్కోవడం కాదు, కాగితం చూడటం. హాలు పంచాయతీ ఆస్తుల రిజిస్టరులో ఎక్కిందా లేదా? స్థలం ఎవరి పేరున ఉంది? కరెంటు మీటరు ఎవరి పేరున ఉంది? మీటరు ఆ మాజీ సభ్యుడి పేరున ఉన్న కేసులు నేను చూశాను. బిల్లు కట్టేది నేనే కాబట్టి హాలు నాదే అనే వాదం అక్కణ్ణుంచే పుడుతుంది. అడిగితే చెప్పకపోతే సమాచార హక్కు చట్టం కింద తెల్లకాగితం మీద రాసివ్వండి. మన రెండు రాష్ట్రాల్లోనూ గ్రామస్థాయి కార్యాలయంలో ఆ దరఖాస్తుకు రుసుము లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి. అద్దె రేటు తీర్మానం నకలు, రసీదు పుస్తకం నకళ్లు, పోయిన మూడేళ్ల వసూళ్లు. ఈ మూడు అడిగితే చాలు. జవాబు రాకపోయినా అదే జవాబు. దాన్ని గ్రామసభలో పైకి చదవండి.

గ్రామసభలో అడగాల్సింది ‘తాళం మార్చండి’ అని కాదు. ‘బుకింగు పుస్తకం పెట్టండి’ అని. హాలు ఎవరి చేతిలో ఉందో చెప్పేది తాళంచెవి అనుకుంటాం గానీ, నేను చూసినంతలో పుస్తకం ఎవరు రాస్తారో వాళ్ల చేతిలోనే హాలు ఉంటుంది. పుస్తకం పంచాయతీ ఆఫీసులో బల్లమీద ఉండాలి. తేదీ, ఎవరు, దేనికి, అద్దె, డిపాజిట్, రసీదు నంబరు, మీటరు రీడింగు ముందు ఎంత, తర్వాత ఎంత, తిరిగి అప్పగించినప్పటి సంతకం. ఉచితంగా ఇచ్చిన రోజు కూడా రాయాలి, అద్దె గడిలో సున్నా వేసి. ఆ సున్నాలు ఎవరికి పడుతున్నాయో ఏడాది తర్వాత చూస్తే ఊరి రాజకీయం మొత్తం కనిపిస్తుంది.

తాళంచెవులు మూడు చేయించండి. ఒకటి పంచాయతీ ఆఫీసులో, ఒకటి ఊడ్చి తుడిచే మనిషి దగ్గర, ఒకటి గ్రామ సమాఖ్య మహిళల దగ్గర. మాజీ సభ్యుణ్ణి కమిటీలో ఒకడిగా కూచోబెట్టండి. మర్యాద ఇస్తే చాలామంది దిగుతారు. డబ్బు మాత్రం ఎవరి సొంత ఫోన్ నంబరుకూ వెళ్లకూడదు. హాలు పంచాయతీదైతే పంచాయతీ రసీదు ఇచ్చి పంచాయతీ ఖాతాలోనే జమ చేయాలి. విడిగా కమిటీ నడుపుకుంటామంటే కనీసం ఏడుగురితో సొసైటీ రిజిస్టరు చేయించుకుని, ఏమేం చూసుకుంటారో పంచాయతీతో రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోండి. నోటిమాట మీద నడిచే కమిటీ తర్వాతి పంచాయతీ ఎన్నికల వరకే.

ప్రశ్న: అద్దె ఎంత పెట్టాలో తేలక మూడు సమావేశాలు గడిచాయి. కొందరు ఉచితం అంటారు, కొందరు పక్క టౌన్లో ఫంక్షన్ హాలు రేటులో సగం అంటారు. – సర్పంచ్ (మహిళ), కృష్ణా జిల్లా

పక్క టౌన్ రేటు వదిలేయండమ్మా. ఆ హాలుకు ఏసీ ఉంటుంది, కారు పార్కింగుంటుంది, యజమానికి బ్యాంకు అప్పుంటుంది. మీ హాలు ఏడాదికి ఎంత తింటుందో కట్టండి, అక్కణ్ణుంచి రేటు తీయండి.

అంకెలు నేను ఊహించి వేస్తున్నాను, మీవి మీరు వేసుకోండి. ఊడ్చే మనిషికి నెలకు 3,000 అంటే ఏడాదికి 36,000. ఫంక్షన్లు లేకపోయినా వచ్చే కరెంటు బిల్లు నెలకు 1,200 చొప్పున 14,400. బల్బులు, కుళాయిలు, గొళ్లేలు, ఫ్లష్ ట్యాంకులు 12,000. రంగులకు 60,000 అవుతుందనుకుని నాలుగేళ్లకోసారి వేయిస్తే ఏడాది వాటా 15,000. సెప్టిక్ ట్యాంకు మూడేళ్లకోసారి 6,000 అంటే ఏడాదికి 2,000. ఎప్పుడో కాలిపోయే మోటారు కోసం పక్కన పెట్టేది 10,000. మొత్తం 89,400.

ఇప్పుడు రాబడి. పెళ్లిళ్లన్నీ మాఘం, ఫాల్గుణం, వైశాఖం, జ్యేష్ఠం, శ్రావణాల్లో కుప్పపడతాయి. ఆషాఢంలో, మూఢంలో హాలు ఖాళీ. కాబట్టి ఏడాదికి పెళ్లిళ్లు 15 అనుకుందాం, 4,000 చొప్పున 60,000. బారసాల, ఓణీల వేడుక, నిశ్చితార్థం, పెద్దకర్మ లాంటి చిన్నవి 25, 1,200 చొప్పున 30,000. కలిపితే 90,000. ఖర్చుకు సరిపోయింది. ఫంక్షన్ రోజు కరెంటు ఇందులో కలపొద్దు, మీటరు రీడింగు చూసి యూనిట్ల లెక్కన విడిగా వసూలు చేయండి. కలిపారంటే కూలర్లు పది పెట్టినవాడి బిల్లు, ట్యూబులైట్లతో సరిపెట్టుకున్నవాడు కట్టినట్టవుతుంది.

ఉచితం అన్నవాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. నిజంగా కట్టలేని ఇల్లు ప్రతి ఊళ్లోనూ ఉంటుంది. వాళ్లకు అద్దె తీసేయండి, శుభ్రం చేసే ఖర్చు మాత్రం ఎవరో ఒకరు పెట్టేట్టు చూడండి. అందరికీ ఉచితం అని బోర్డు పెట్టిన హాళ్లలో కిటికీ అద్దాలు ఉన్నది నేను చూడలేదు. డిపాజిట్ మాత్రం అందరికీ ఒకటే, సర్పంచ్ గారి ఇంట్లో పెళ్లయినా సరే. ముఖ్యంగా సర్పంచ్ గారి ఇంట్లో పెళ్లయితే.

ప్రశ్న: శుభకార్యాలు జరిగే హాల్లో పెద్దకర్మ భోజనాలు పెట్టకూడదని మా పెద్దలు అడ్డం పడుతున్నారు. హాలు లేకపోతే ఎండలో టెంటు వేసుకోవాలి. – పాఠకుడు, బాపట్ల జిల్లా

చనిపోయినాయన ముప్ఫై నలభై ఏళ్లు ఇంటిపన్ను కట్టి ఉంటాడు కదండీ. హాలు వాడుకునే హక్కు ఆయనకు పోయిందా?

నమ్మకం ఉన్నవాళ్లతో నేను వాదం పెట్టుకోను. ఒక ఊళ్లో ఇలా సర్దుకున్నారు: పిండప్రదానం, తలనీలాలు లాంటి కర్మకాండ చెరువుగట్టు దగ్గరే, భోజనాలు మాత్రం హాల్లో. మర్నాడు నీళ్లుకొట్టి కడిగి, పసుపునీళ్లు చల్లి, ఆ తర్వాతే వేరేవాళ్లకు ఇస్తారు. పెళ్లికీ కర్మకూ మధ్య ఒక రోజు ఎడం ఉండాలని పుస్తకంలో రాసుకున్నారు. తర్వాత ఎవరూ మాట్లాడలేదు. నిజానికి ఆ ఎడం రోజు హాలుకే మేలు, కడిగేందుకు తీరిక దొరుకుతుంది.

ప్రశ్న: పేటలో ఉండే మా కుటుంబం నిశ్చితార్థానికి హాలు అడిగింది. ‘ఆ తేదీ ఖాళీ లేదు’ అన్నారు. ఆ రోజు హాలు మూసే ఉంది. ‘మీ పేటలో మీకో భవనం ఉందిగా’ అని కూడా అన్నారు. – పాఠకురాలు, పల్నాడు ప్రాంతం

అమ్మా, దీంట్లో సర్దుబాటు సలహా నా దగ్గర లేదు. ప్రభుత్వ డబ్బుతో కట్టిన హాలును కులం చూసి ఇవ్వకపోవడం నేరం. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. దాన్ని అమలుపరచడానికి 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం, 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉన్నాయి. మీ పేటలో భవనం ఉండటం వాళ్లకు సాకు కాదు. ఆ భవనం మీది, ఈ హాలు కూడా మీదే.

ఈసారి నోటితో అడగకండి. కాగితం మీద రాసి, రెండో ప్రతి మీద పంచాయతీ ముద్ర, తేదీ వేయించుకోండి. ‘ఖాళీ లేదు’ అంటే ఆ మాటే రాసివ్వమనండి. బుకింగు పుస్తకం ఉన్న ఊళ్లో ఈ అబద్ధం ఆడటం కష్టం. నేను పుస్తకం పుస్తకం అని ఊదరగొట్టేది ఇందుకే. రాసివ్వకపోతే ముద్ర పడిన మీ కాగితం నకలుతో కలెక్టరేట్లో జరిగే ప్రజా ఫిర్యాదుల కార్యక్రమంలో అర్జీ ఇవ్వండి, సాంఘిక సంక్షేమ శాఖకు ఒక ప్రతి పంపండి. పోలీసు ఫిర్యాదు దాకా వెళ్లాలా వద్దా అన్నది మీ కుటుంబం నిర్ణయం. వెళ్తే మీది తప్పు అని ఎవరన్నా నమ్మకండి.

ఇది చదువుతున్న సర్పంచులకు ఒక మాట. కులానికొక హాలు కట్టుకుంటూ పోతున్నాం. ఊళ్లో నాలుగు హాళ్లు, నాలుగింటికీ కారే స్లాబులే, నాలుగింటికీ ఊడ్చే మనిషి లేడు.

ప్రశ్న: హాలు మా ఇంటి పక్కనే. పెళ్లిళ్ల సీజన్లో అర్ధరాత్రి ఒంటిగంట దాకా డీజే. అడిగితే కమ్యూనిటీ హాలుకు మినహాయింపు ఉందంటున్నారు. – పాఠకుడు, నల్గొండ జిల్లా

సగం చదివి చెప్తున్నారు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్ స్పీకరు కూడదు. మినహాయింపు మూసి ఉన్న చోటుకు, లోపలివాళ్లకు మాత్రమే వినపడేందుకు. ఆ జాబితాలో కమ్యూనిటీ హాలు పేరు ఉన్నమాట నిజం. కానీ తలుపులు బార్లా తీసి, గేటు బయట వ్యాను మీద బాక్సులు పేర్చి కొడితే అది మూసిన హాలు ఎలా అవుతుంది? పండగలకు, సాంస్కృతిక కార్యక్రమాలకు రాత్రి 12 దాకా రాష్ట్ర ప్రభుత్వం అనుమతి ఇవ్వచ్చు, అదీ ఏడాదికి 15 రోజులకు మించకుండా. పెళ్లి బరాత్ అందులోకి రాదు.

112కు ఫోన్ చేయొచ్చు. కానీ ప్రతి ముహూర్తానికీ పోలీసుల్ని పిలిస్తే ఊళ్లో మీరు బతకలేరు, నాకు తెలుసు. బుకింగు కాగితంలోనే ‘పదింటికి సౌండు బంద్, లేకపోతే డిపాజిట్లో సగం కోత’ అని రాయించండి. కోత ఒక్కసారి పడితే చాలు, వార్త మండలమంతా పాకుతుంది.

ప్రశ్న: కట్టి పదేళ్లు కాలేదు, స్లాబు కారుతోంది. ఫ్యాన్ల దగ్గర పెచ్చులు ఊడి ఇనుప చువ్వలు కనపడుతున్నాయి. పైన రేకుల షెడ్డు వేస్తే సరిపోతుందా? – యువజన సంఘం, కోనసీమ

రేకులు వేయడం సులువు, అందుకే అందరూ అదే అంటారు. కానీ మీ బాధ కారడం ఒక్కటే కాదు. లోపల ఇనుము తుప్పు పడుతోంది. తుప్పు పట్టిన చువ్వ లావెక్కుతుంది, లావెక్కి కాంక్రీటును పగలదోస్తుంది, పెచ్చు ఊడుతుంది. సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్లలో ఉప్పుగాలి, ఉప్పునీటితో కలిపిన కాంక్రీటు కలిసి ఈ పని త్వరగా చేస్తాయి. పైన రేకులేసి కింద తుప్పును అలాగే వదిలేస్తే, ఒకరోజు భోజనాల పంక్తి మీద పెచ్చు పడుతుంది. కాబట్టి ముందు పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ విభాగం ఏఈని (అసిస్టెంట్ ఇంజనీరును) పిలిచి చూపించండి. ఆయన ‘వాడొచ్చు’ అని రాసిచ్చేదాకా ఆ ఫ్యాన్ల కింద జనాన్ని కూచోబెట్టొద్దు.

ఆయన బాగుచేయించుకోమంటే పని ఇలా నడుస్తుంది. ఊడేదంతా సుత్తితో రాల్చేయాలి. కొట్టి చూస్తే బోలుగా మోగిన చోటల్లా రాల్చాలి, మేస్త్రీకి ఇది ఇష్టం ఉండదు. చువ్వల తుప్పు ఇనుప బ్రష్షుతో గీకి, తుప్పు పట్టనివ్వని మందు పూసి, పాలిమర్ కలిపిన సిమెంటు మాలుతో పూడ్చాలి. ఆ తర్వాతే పైకి ఎక్కాలి. స్లాబు మీద పగుళ్లు పూడ్చి, పిట్టగోడా స్లాబూ కలిసేచోట మూల నునుపుగా గుండ్రంగా తిప్పి, వాటర్‌ప్రూఫ్ పూత వేయించాలి. పూత ఆరాక నీళ్లుపోయే గొట్టాలు మూసి, స్లాబు మీద రెండంగుళాల నీళ్లు కట్టి ఒక రోజంతా ఉంచండి. కింద చెమ్మ కనపడకపోతేనే బిల్లు ఇవ్వండి. కాంట్రాక్టరు ‘వానొస్తే తెలుస్తుంది సార్’ అంటాడు. వానొచ్చేసరికి అతను ఫోనెత్తడు.

నేను చూసిన కారే స్లాబుల్లో చాలావాటికి అసలు కారణం వేపాకులు, బాదం ఆకులు. గొట్టం మూతిలో ఆకులు అడ్డుపడి నీళ్లు నిలుస్తాయి, నిలిచిన నీళ్లు దారి వెతుక్కుంటాయి. మే నెలాఖరున ఒకసారి, సెప్టెంబరులో తుఫానుల ముందు ఒకసారి మనిషిని పైకెక్కించి ఊడిపించండి. ఆ కూలి ఎంత, స్లాబు ఖరీదెంత!

ప్రశ్న: వంటగదిలో టైల్స్ వేయించాం, ఆరు నెలల్లో పగిలిపోయాయి. – పాఠకుడు, వికారాబాద్ జిల్లా

తాండూరు బండలు చెంత పెట్టుకుని టైల్స్ వేయించడమేమిటండీ! నిండు గుండిగను ఇద్దరు ఈడ్చే చోట, కట్టెల పొయ్యి నిప్పులు రాలే చోట టైల్ నిలవదు. నాపరాయి వేయించండి. మా వైపు బేతంచెర్ల రాయి వేస్తాం. వాలు బయటికి ఉండాలి, గంజి వార్చిన నీళ్లు గదిలో నిలవకూడదు. కుదిరితే గాడిపొయ్యిలు హాలుకు ఆనకుండా వెనక రేకుల పాకలోకి మార్చండి. గ్యాసుతో వండేవాళ్లను 19 కిలోల కమర్షియల్ సిలిండరే తెచ్చుకోమనండి. ఇంటి సిలిండర్లు నాలుగు ఒకచోట చేర్చి వండటం చట్టం ఒప్పుకోదు, ప్రమాదం కూడా.

ప్రశ్న: ప్రతి ఫంక్షన్‌కీ మరుగుదొడ్లు పొంగుతున్నాయి. ట్యాంకులోకి మనిషిని దింపి తీయిస్తే చవక అని మేస్త్రీ అంటున్నాడు. – కార్యదర్శి, హాలు కమిటీ, ఏలూరు జిల్లా

దింపొద్దు. ఆ గ్యాసుకు మనిషి నిమిషాల్లో పడిపోతాడు, తీయడానికి దిగినవాడూ పోతాడు. మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం అలా దింపించినవాళ్లది నేరం, అంటే మీ కమిటీది. ట్యాంకరు పిలవండి. మూడేళ్లకోసారి తీయించడం అలవాటు చేసుకుంటే పొంగే దాకా రాదు. ఫంక్షన్ అయ్యాక కంపు పోవాలని యాసిడ్, ఫినాయిలు బకెట్లతో పోస్తుంటారు. ట్యాంకులో మలాన్ని అరగదీసే సూక్ష్మజీవులు దాంతో చచ్చిపోయి ట్యాంకు త్వరగా నిండుతుంది.

ఇంకోటి చూడండి, నిజంగా పొంగుతోంది ట్యాంకా, గొట్టమా? చేతులు కడిగే చోట నుంచి అన్నం మెతుకులు, కూరముక్కలు, ప్లాస్టిక్ గ్లాసులు గొట్టంలోకి పోతే మొదటి మలుపులోనే అడ్డుపడుతుంది. చేతులు కడిగే నీళ్లను మరుగుదొడ్డి గొట్టంలో కలపకుండా, జల్లెడ పెట్టి విడిగా ఇంకుడు గుంతకు పంపండి. ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లు, స్పూన్లు, థర్మోకోల్ డెకరేషన్ 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధంలో ఉన్నవే. అరటాకులో తింటే మిగిలేది గేదెల పాలవుతుంది, గొట్టం పాలు కాదు.

ప్రశ్న: డెకరేషన్ వాళ్లు మెయిన్ బోర్డులో డైరెక్టుగా వైర్లు దూర్చి లాగుతున్నారు. ఈ ఏడాది రెండుసార్లు వైరింగు కాలింది. – పాఠకుడు, కాకినాడ జిల్లా

హాలు బయట గోడకు, వాళ్లకంటూ విడిగా ఒక బోర్డు పెట్టించండి. లోడు మించితే దానంతటదే ఆగిపోయే తగిన ఎంసీబీ, లీకేజీ పట్టే ఆర్‌సీసీబీ, మంచి ఎర్తింగు. మెయిన్ బోర్డుకు తాళం. జనరేటరు తెచ్చుకుంటే చేంజోవర్ స్విచ్చు ద్వారానే కలపాలి. అది లేకుండా కలిపితే జనరేటరు కరెంటు వెనక్కి తిరిగి లైన్లోకి ఎక్కుతుంది. కరెంటు లేదు కదా అని స్తంభం ఎక్కిన లైన్‌మన్ ప్రాణం పోతుంది. ఈ ఒక్క విషయంలో నేను మొండివాణ్ణి. స్విచ్చు లేని హాలుకు జనరేటరు రానివ్వకండి. పెళ్లి చీకట్లో జరిగినా సరే.

ప్రశ్న: మా ఊళ్లో హాలు లేదు, తుఫాను షెల్టరు ఉంది. దాన్ని ఫంక్షన్లకు ఇవ్వచ్చా? – మత్స్యకార సంఘం సభ్యుడు, నెల్లూరు జిల్లా

నన్నడిగితే ఇవ్వాలి. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన తర్వాత తీరం పొడుగునా షెల్టర్లు కట్టారు. వాటిలో చాలావాటికి పట్టిన గతేమిటంటే, తాళం వేసి ఉంచడం, గాలివాన రోజు తాళం తుప్పుపట్టి తెరుచుకోకపోవడం. తలుపు రోజూ తీసే భవనమే ఆ రాత్రి పనికొస్తుంది. బడి, అంగన్వాడీ, సంఘం మీటింగు, నిశ్చితార్థం, ఏదైనా పెట్టుకోండి. తహసీల్దారు కార్యాలయంతో మాట్లాడి కాగితం తీసుకోండి, ఎందుకంటే భవనం ఎవరి అధీనంలో ఉందో ఊరూరికీ తేడా.

షరతులు మాత్రం రాసుకోండి. హెచ్చరిక వస్తే ఏ ఫంక్షన్ ఉన్నా గంటల్లో ఖాళీ చేయాలి, డబ్బు వాపసు. మెట్లకు, ర్యాంపుకు అడ్డంగా సామాను పెట్టకూడదు. కింది అంతస్తు స్తంభాల మధ్య గోడ కట్టి గదులు చేయొద్దు. ఉప్పెన నీళ్లు కిందనుంచి పోవాలనే అలా వదిలారు. తాగునీటి ట్యాంకు, జనరేటరు అక్టోబరు రాకముందే ఒకసారి నడిపి చూడాలి. 1996 నవంబరు 6 రాత్రి తుఫానుకు కోనసీమలో ఏం జరిగిందో మీ ఊళ్లో పెద్దవాళ్లకు చెప్పక్కర్లేదు, కుర్రాళ్లకు చెప్పండి.

ప్రశ్న: నేను డాలస్‌లో ఉంటాను. నాన్నగారి పేరున మా ఊళ్లో హాలు కట్టించాలని ఉంది. 40 లక్షల దాకా అనుకుంటున్నాను. ఏం జాగ్రత్తలు? – పాఠకుడు, అమెరికా

మొత్తం గోడల్లో పోయకండి. 30 లక్షల్లో అయ్యే చిన్న హాలు కట్టి, 10 లక్షలు బ్యాంకులో వేయండి. ఏడు శాతం వడ్డీ అనుకుంటే ఏడాదికి 70,000. పైన కృష్ణా జిల్లా సర్పంచ్ గారికి వేసిన లెక్కలో ముప్పాతిక భాగం అక్కడే తీరిపోయింది. అసలు ముట్టకుండా వడ్డీ మాత్రమే తీసేట్టు రాయించండి.

స్థలం విషయం ముందే తేల్చుకోండి. చెరువు పోరంబోకు మీద, వాగు పక్కన కట్టిన భవనం మీద కోర్టు ఎప్పుడైనా కన్నేస్తుంది. సొంత స్థలమైతే పంచాయతీకి గిఫ్టు డీడు రిజిస్టరు చేసి ఇవ్వండి, ‘అన్ని కులాలవారికీ, అన్ని మతాలవారికీ’ అన్న మాట డీడులోనే ఉండేలా చూడండి.

మీ పాస్‌పోర్టు ఏది? భారత పాస్‌పోర్టు ఉండి బ్యాంకు ద్వారా మీ సొంత సంపాదన పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే వస్తుంది. అప్పుడు డబ్బు తీసుకునే సొసైటీకి 2010 విదేశీ విరాళాల చట్టం కింద అనుమతి ఉండాలి. ఊళ్లో నిన్న పెట్టిన సొసైటీకి అది ఉండదు. పంపేముందు ఆడిటరును అడగండి.

ప్రశ్న: ఫంక్షన్లు లేని రోజుల్లో హాలు పేకాట స్థావరమైపోయింది. – గ్రామ సమాఖ్య సభ్యురాలు, తూర్పు గోదావరి జిల్లా

ఖాళీగా ఉంచారు కాబట్టి అయింది. పొద్దున రెండు గంటలు కుట్టు మిషన్లు పెట్టండి, సాయంత్రం పదో తరగతి పిల్లల్ని చదువుకి కూచోబెట్టండి, వారానికొకసారి మీ సమాఖ్య సమావేశం అక్కడే పెట్టుకోండి. అసలు హాలు నిర్వహణే మీ సమాఖ్యకు ఇమ్మని పంచాయతీని అడగండి. తీర్మానం రాయడం, సంతకాలు తీసుకోవడం, పైసాకు పైసా లెక్క చూపడం మీకు ఏళ్ల తరబడి అలవాటు. ఊళ్లో మగవాళ్ల కమిటీల్లో ఆ అలవాటున్నది తక్కువ. ఈ మాట రాసినందుకు వచ్చే నెల నాకు ఎలాంటి ఉత్తరాలొస్తాయో తెలుసు.

ప్రశ్న: హాలుకు దాతలు వంటసామాను ఇచ్చారు. ప్రతి ఫంక్షన్‌కీ ఒకటో రెండో తగ్గుతున్నాయి. – పాఠకుడు, ఖమ్మం జిల్లా

ప్రతి పాత్ర మీదా ఊరి పేరు, నంబరు కొట్టించండి. గుండిగలు, గంగాళాలు, బకెట్లు, గరిటెలు వేర్వేరుగా రాసిన పట్టిక రెండు ప్రతులు తీసి, తీసుకునేవాళ్ల సంతకం పెట్టించండి. అప్పగింత మర్నాడు పొద్దున కాదు, ఆ రాత్రే, వంటవాళ్లు బండెక్కకముందే. పెద్ద సామాను ఎటూ పోదు. మూతలు, జల్లి గరిటెలు విడిగా లెక్కపెట్టండి, పోయేవి అవే.